నాలుగు పొద్దుల దాల్చిన టీ

ఎల్ మెస్కితే కూలీల శిబిరం,
సాన్ కింతిన్ లోయ,
1986 నవంబరు 9

పెద్దమ్మా,

నువ్వు ముందు అడిగేది తిన్నావా అనే కదా, అందుకే అదే ముందు చెబుతున్నాను. తింటున్నాను. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టెలు, ఆదివారం పూట గుడ్డు. టమాటాలకైతే కొదవ లేదు. వాటిని చూస్తేనే ఇప్పుడు వాంతి వస్తోంది.

పోయినవాళ్ళ పండక్కి అమ్మ పటం ముందు బంతిపూలు పెట్టి, నా వంతు దీపం కూడా నువ్వే వెలిగిస్తానని రాశావు. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. ఇక్కడ ఆ రోజు కూడా సెలవివ్వలేదు. మా రేకుల గదుల వరసలో ఆడవాళ్ళం ఒక డబ్బా బోర్లించి, దానిమీద కొవ్వొత్తి పెట్టి, ఎవరి చచ్చినవాళ్ళను వాళ్ళం తలుచుకున్నాం. తెల్లారి నాలుగింటికి మళ్ళీ ట్రక్కు.

చలి గురించి చెబితే నువ్వు నమ్మవు. సముద్రం మీదినుంచి మంచు వచ్చి సాళ్ళమీద కూర్చుంటుంది. మోకాళ్ళదాకా తడిసిపోతాం. ఆ తడిమీదే మందు కొట్టే ట్రాక్టరు పక్క సాలులోంచి పోతుంది, ఇంటికొచ్చేసరికి పిండి మిల్లులో పనిచేసినట్టుంటాం. నవ్వుకుంటాం.

అసలు సంగతి. నాకు రెండు నెలలుగా ముట్టు రాలేదు. పొత్తికడుపు బరువుగా, చల్లగా ఉంటోంది. పోయినేడు వచ్చిన కొత్తలో కూడా ఇలాగే మూడు నెలలు ఆగి మళ్ళీ వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు నేను జబ్బు పడితే దాల్చిన టీ చేసి ఇచ్చేదానివే, అది ఎలా చెయ్యాలో రాయి. ఇక్కడ ఒకామె చేసింది తాగాను. గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది.

నా మొగుడు ఎవోదియో ఇంకా ఉత్తరాన ద్రాక్షతోటల్లోనే ఉన్నాడు. జూన్‌లో పోయినవాడు పోయినట్టే. నువ్వు వాడిగురించి అడగకముందే రాసేస్తున్నాను.

నీ చేతులు ముద్దు పెట్టుకుంటూ,
ఒబ్దులియా


సాన్ మతేయో యుకుందో,
నవంబరు 27

బంగారు తల్లీ,

నీ ఉత్తరం బడిపంతులు గారు సంతకు పోయి తెచ్చారు. నాకు రాయడం ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. సన్యాసినుల దగ్గర నేర్చుకున్న అక్షరాలు, మొక్కజొన్న గింజలు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరుకుని రాయాలి. కాబట్టి తిట్లు తగ్గించి పనికొచ్చేది రాస్తాను.

మొగుడు ఇంట్లో లేని ఆడదానికి రెండు నెలలు ముట్టు ఆగిందంటే అది చలే. తడిలో నిలబడితే చలి పాదాల్లోంచి ఎక్కి కడుపులో గడ్డ కడుతుంది. దాన్ని కరిగించి దించాలి.

ముందు చెక్క సంగతి. బెరడులా మందంగా, గట్టిగా ఉండేది కొనకు. అది నాలుకను కొరుకుతుంది తప్ప వాసనుండదు. చుట్టలా చుట్టుకుని, వేళ్ళ మధ్య నలిపితే పొరలుగా రాలిపోయేది కావాలి. కొట్టువాడు నలపనివ్వనంటే ముక్కు దగ్గర పెట్టి చూడు. వాసన నీ దగ్గరికి రావాలి, దాని వెంట నువ్వు పోకూడదు.

జానెడు చుట్టలు రెండు విరిచి నాలుగు గ్లాసుల చన్నీళ్ళలో వెయ్యి. నీళ్ళు మరిగాక వేసేవాళ్ళున్నారు, వాళ్ళ టీ వాళ్ళ మొహాల్లాగే పాలిపోయి ఉంటుంది. మట్టి కుండైతే మంచిది, లేకపోతే ఉన్న గిన్నే. పొంగు రాగానే సెగ తగ్గించు. నీళ్ళు ముందు తేనె రంగుకి వస్తాయి. చుట్టాలకైతే అక్కడ దించేస్తాం. చావింట్లో కూర్చున్నవాళ్ళకి ఇంకాస్త ఉంచి, మగాళ్ళ గ్లాసుల్లో ఒక చుక్క సారా కలుపుతాం. నువ్వు అక్కడ ఆగకు. ఇటుక రంగు తిరిగి, నాలుగు గ్లాసులు రెండయ్యేదాకా ఉంచు. అప్పుడు నిమ్మకాయంత బెల్లం వేసి, మూతపెట్టి, దేవమాత ప్రార్థన పదిసార్లు చెప్పుకునేంతసేపు ముట్టుకోకు. వడకట్టి, పరగడుపున, నోరు కాలనంత వేడిగా తాగు. నాలుగు పొద్దులు. ఐదోనాటికి ముట్టు రాకపోతే నన్ను అడుగు.

ఇక్కడి కబురు ఒకటే. పక్కింటి పెత్రోనిలా వదిన కూతురు మార్సియానా నీళ్ళోసుకుంది. తొలిచూలు, ఫిబ్రవరిలో పురుడు. మొగుడు దూరదేశం పోయాడు కాబట్టి తల్లి దగ్గరే ఉంది. "నువ్వుంటే నాకు భయం లేదత్తా" అంటుంది గోడమీంచి తల పెట్టి. బొద్దుగా పావురంలా తయారైంది. నిన్ను అడిగింది.

ఎవోదియో గురించి నువ్వు రాయకముందే నేను అడగను. నిన్ను వదిలేసి పోయినవాణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వనని ప్రమాణం చేశావు, అది చాలు నాకు.

మీ పెద్దమ్మ
క్రెసెన్సియా


ఎల్ మెస్కితే,
డిసెంబరు 22

పెద్దమ్మా,

కూర్చుని చదువు.

నీ ఉత్తరం పదకొండో తారీకున వచ్చింది. పన్నెండు నుంచి నాలుగు పొద్దులు నువ్వు చెప్పినట్టే చేసుకుని తాగాను. ఎంత బాగా కుదిరిందంటే, వాసనకి పక్క గదిలోవాళ్ళు వచ్చి నిలబడ్డారు. పదహారున సాలులో వంగున్నదాన్ని లేవలేకపోయాను. ముట్టు వస్తోందనుకున్నాను, సంతోషించాను కూడా. కాని అది ముట్టు కాదు పెద్దమ్మా. ట్రక్కు దగ్గరికి నడిచేలోగానే పడిపోయింది. బొటనవేలంత ఉంది. చోన్ అవ్వ దాన్ని తన తలగుడ్డలో చుట్టి ఎక్కడో పూడ్చింది, నన్ను చూడనివ్వలేదు. నేను చూసేశాను.

నీకు ఒక అబద్ధం రాశాను. ఎవోదియో సెప్టెంబరులో వచ్చాడు. ఆరు రోజులుండి పోయాడు. ఏడ్చాడు, కాళ్ళు పట్టుకున్నాడు, గదిలోకి రానిచ్చాను. నీకు ప్రమాణం చేశాను కదా, ఏ మొహంతో రాయను? ఆరు రోజుల్లో కడుపొస్తుందని నాకు తట్టలేదు. పోయినేడులాగే ఆగిపోయిందనుకున్నాను.

చోన్ అవ్వ మా శిబిరంలో వంట చేస్తుంది, డెబ్భై ఏళ్ళుంటాయి. ఆమె గిన్నెలో మిగిలిన చెక్క చూసి, "ఇంత ముదురుగా ఎవరు తాగమన్నారే నీకు?" అంది. "మా పెద్దమ్మ. మంత్రసాని" అన్నాను. ఆమె తల ఊపింది.

ఆ తల ఊపడం నన్ను నిద్రపోనివ్వడం లేదు. అది టీ వల్ల కాదని ఒక్కమాట రాయి. నువ్వు రాస్తే నమ్ముతాను.

ఒబ్దులియా


యుకుందో,
1987 జనవరి 10

ఒబ్దులియా,

ఏమని రాయమంటావు? కాదని రాయమంటావు. ముప్పయ్యొక్కేళ్ళుగా ఈ చేతులతో పురుళ్ళు పోశాను. నొప్పులు మొదలై ఆగిపోయిన ఆడవాళ్ళకి ఆ ముదురు టీయే ఇస్తాను. తాగిన గంటకు బిడ్డ కిందికి జరుగుతుంది. కడుపుతో ఉన్నదాని దరిదాపులకు ఆ గ్లాసు పోనివ్వను. అలాంటిది నేనే కాగితం మీద రాసి, రంగుతో సహా చెప్పి, నీకు పంపాను. కడుపుంటే తాగకు అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. వాడు లేడన్నావు, నమ్మాను.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆరు రోజులు మొగుడితో పడుకున్నదానికి, రెండు నెలలు తప్పితే, టమాటాలు చూస్తే వాంతి వస్తుంటే, ఏమీ తట్టలేదా? చిన్నపిల్లవా? లేక నీకు ఆ బిడ్డ అక్కర్లేక, అడగడానికి నోరు రాక, చలి అని రాసి నా చేత ఆ పని చేయించావా? అలా అయితే నన్ను సూటిగా అడగాల్సింది. నేను వద్దనేదాన్ని, కొట్టేదాన్ని, కాని నా చేతికి తెలిసి ఉండేది.

నా కత్తెర, దారం, నా తెల్ల గుడ్డలు అన్నీ మూటకట్టి అటకమీద పెట్టేశాను. ఇంట్లో ఉన్న దాల్చినచెక్క కోళ్ళదొడ్లో పారేశాను. పెత్రోనిలా వదినతో చెప్పాను, "మార్సియానాకి వేరే ఎవరినైనా చూసుకో, నా చెయ్యి చెడింది" అని. నవ్వి, "నీ చెయ్యి చెడితే ఈ ఊళ్ళో పిల్లలు చెట్లకు కాస్తారా?" అంది. ఆమెకు నేను సంగతి చెప్పలేదు. ఎలా చెప్పను, నా అక్షరాలు నా మనవడిని తిన్నాయని?

క్రెసెన్సియా


యుకుందో,
ఫిబ్రవరి 20

ఒబ్దులియా తల్లీ,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ ఉత్తరంలో నేనన్న మాటలకు నాలుక కోసుకోవాలి. అవి కోపంలో రాసినవి కావు, భయంలో రాసినవి. ఇక నువ్వు రాయకపోతే రాయకు. ఇది మాత్రం నీకు తెలియాలి.

మంగళవారం తెల్లవారుతుండగా మార్సియానాకి నొప్పులు వచ్చాయి. పెత్రోనిలా వదిన మా తలుపు కొట్టింది. నేను లోపలే ఉన్నాను. "క్రెసెన్సియా, లేవే! పిల్ల నీకోసం అడుగుతోంది" అంది. నేను లేచి, తలుపు దాకా వచ్చి, గడియ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. ఆ చెయ్యి చూసుకుంటే నువ్వు రాసిన బొటనవేలంతది కనబడింది. "నేను రాను వదినా, టౌనుకి తీసుకెళ్ళు" అన్నాను లోపల్నుంచే. "టౌనుకి ట్రక్కు పదకొండుకి కదే! నీకు పిచ్చి పట్టిందా? తలుపు తియ్యి!" అని ఎంతసేపు కొట్టిందో. నేను తియ్యలేదు.

ఆవిడే పురుడు పోసింది. బిడ్డ వచ్చింది, ఆడపిల్ల. మాయ రాలేదు. రక్తం ఆగలేదు. నాకు తెలుసు ఏం చెయ్యాలో. ఎన్నిసార్లు చేశానో. గోడకి ఇవతల కూర్చుని ఆ అరుపులన్నీ విన్నాను, ఆ తర్వాత అరుపులు లేకపోవడం కూడా విన్నాను. ట్రక్కులో వాగు దాటాక ప్రాణం పోయిందట.

శవాన్ని వెనక్కి తెచ్చారు. ఊరంతా పోయింది. వచ్చినవాళ్ళకి ఎవరో దాల్చిన టీ కాచారు. ఆ వాసన గోడ దాటి వచ్చింది. నేను పోలేదు.

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

పెద్దమ్మ


ఎల్ మెస్కితే,
ఫిబ్రవరి 14

పెద్దమ్మా,

మూడు వారాలుగా నీమీద అలిగి కూర్చున్నాను. జనవరి ఇరవై నాలుగున నీ ఉత్తరం వచ్చేసరికి నీకు సగం రాసిన కాగితం నా దగ్గర ఉంది. నీ మాటలు చదివి దాన్ని రేకు సందులో కుక్కేశాను. నా బిడ్డను నేనే చంపించుకున్నానని అనడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నాకు తెలిసి ఉంటే ఆ సాళ్ళలో ఒక్క పూట నిలబడేదాన్ని కాదు. నడిచైనా నీ దగ్గరికి వచ్చేదాన్ని. తెలియలేదు. అంతే. నేను తెలివితక్కువదాన్నే కావచ్చు, అలాంటిదాన్ని మాత్రం కాను.

ఇంక అలక చాలు. ఆ సగం కాగితంలో ఉన్నది ఇది.

జనవరి పంతొమ్మిదిన టీకాలు వెయ్యడానికి ఒక నర్సమ్మ వచ్చింది. కుర్రదే, కళ్ళజోడు, మాటకు ముందు దగ్గుతుంది. వరసలో నా ముందున్న రెఫూహియో ఏడుస్తోంది. ఎందుకని అడిగితే ఐదో నెల కడుపు పోయిందంది. నేను, నాదీ పోయిందన్నాను. వెనకనుంచి ఇంకో ఇద్దరు మాదీ అన్నారు. తర్వాత గదుల వెంట పోయి అడిగితే మొత్తం ఐదుగురం తేలాం, నవంబరుకీ క్రిస్మస్‌కీ మధ్య. పెద్దమ్మా, నీ టీ తాగింది ఐదుగురిలో నేనొక్కదాన్నే.

నర్సమ్మ ఐదుగురినీ కూర్చోబెట్టి ఏ సాళ్ళలో పనిచేశారని అడిగింది. అందరం కాలవ పక్క మడుల్లోనే. ట్రాక్టరు మందు కొడుతున్నప్పుడు మమ్మల్ని బయటికి పంపని మడులవి. చేతులు కడుక్కునేదీ, రొట్టెల పిండి కలుపుకునేదీ ఆ కాలవ నీళ్ళతోనే. నేను టీ గురించి చెప్పాను, నువ్వు రాసినట్టే, రంగుతో సహా. ఆమె దగ్గి, "మా అమ్మ కూడా కాస్తుంది. నాలుగు పొద్దుల దాల్చిన టీకి మూడు నెలల కడుపు ఇలా పోదమ్మా. ఐదుగురికి ఒకేసారి పోయిందంటే చూడాల్సింది గిన్నెలో కాదు" అంది. "నీ ఒక్కదాని సంగతి నేను ఒట్టేసి చెప్పలేను" అని కూడా అంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మేం ఐదుగురం మేస్త్రీ దగ్గరికి పోయాం. "మందు కొట్టేటప్పుడు మమ్మల్ని బయట ఉంచు" అన్నాం, అంతకంటే ఒక్కమాట ఎక్కువ అనలేదు. "కడుపులు మీరు తెచ్చుకుని లెక్క నన్ను అడుగుతారా?" అన్నాడు. మర్నాటి పేర్ల జాబితాలో మా ఐదు పేర్లూ లేవు. రెఫూహియో వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు చోన్ అవ్వ తన వంటగదిలో పని ఇప్పించింది. అవ్వకి నర్సమ్మ మాటలు చెప్పాను. "మరి అప్పుడెందుకు తల ఊపావవ్వా?" అంటే, "నాకేం తెలుసే, ముసలాళ్ళం ఏదో ఒకటి ఊపుతాం" అంది. ఆ ఊపుకి నేను నెల రోజులు చచ్చాను.

నీ మూట అటకమీంచి దించు. మార్సియానా పురుడు ఈ నెలేనన్నావు కదా. ఈ కాగితం అందగానే గోడమీంచి పిలువు, వస్తున్నానని చెప్పు. మొదటి ముద్దు నా పేరున పెట్టు ఆ బిడ్డకి.

నీ
ఒబ్దులియా


టౌను సత్రం,
మార్చి 2

నా తల్లీ,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురెదురుగా పోయాయి. నీది శనివారం అందింది. ఈ కాగితం చేరేసరికి నాది నీకు అంది ఉంటుంది. నువ్వు తేదీలు చూసుకుని వేళ్ళమీద లెక్కపెడుతూ ఉంటావు, నాకు తెలుసు. ఆ అలిగిన రోజులను నీ నెత్తిన పెట్టుకోకు. అలిగేలా రాసింది నేను. తలుపు తియ్యనిది నేను. నువ్వు రాసిన కాగితం నా చేతిలో ఉన్నా లేకపోయినా, గడియ మీద ఉన్నది నా చెయ్యే.

ఆదివారం పొద్దున నీ కాగితం పట్టుకుని పెత్రోనిలా వదిన ఇంటికి పోయాను. ఆమె ఎండలో కూర్చుని బిడ్డకి దూదితో మేకపాలు పడుతోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. నిలబడే చదివాను, మొదట్నుంచీ చివరిదాకా. టీ సంగతి, నీ బిడ్డ సంగతి, ఐదుగురి సంగతి. ఆమె వింటూ పాలు పట్టడం ఆపలేదు.

చదవడం అయ్యాక, "అయితే నీ టీలో తప్పు లేదన్నమాట" అంది.

"లేదంటున్నారు వదినా."

"నీ చెయ్యి చెడలేదన్నమాట."

నేను కాగితం మడిచాను.

"మరి ఆ పొద్దు తలుపెందుకు తియ్యలేదే?"

"భయపడ్డాను."

"నా కూతురూ భయపడింది" అంది. "నేను నీ తలుపు కొడుతుంటే ఆ చప్పుడు దానికి వినపడుతూనే ఉంది. 'అత్త లేచిందామ్మా?' అని అడిగింది. 'లేచింది, వస్తోంది' అన్నాను. వస్తోందనుకునే పోయింది."

నేను వెనక్కి తిరిగాను. గేటు దాకా పోయాను.

"ఎక్కడికే?" అంది ఆమె. "దీని బొడ్డు చూడు. రెండు రోజులుగా ఎర్రగా ఉంది, ఈ పొద్దు చీము పట్టింది. దీన్ని కూడా నన్నే చూసుకోమంటావా?"

చేతులు కడుక్కుని వచ్చి విప్పి చూశాను. బొడ్డు చుట్టూ ఎరుపు పాకి ఉంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో తుడిచాను, కాని అది నా చేతి పని కాదని చూడగానే తెలిసింది. "వదినా, టౌనుకి పోవాలి. ఇప్పుడే. ఆదివారం ట్రక్కు ఉండదు, నడుద్దాం" అన్నాను. ఆమె శాలువా తెచ్చింది. బిడ్డను నా వీపుకి తనే కట్టింది, ముడి గట్టిగా లాగి.

నాలుగు గంటల నడక. వాగు దగ్గర ఆమె ఆగిపోయింది. ట్రక్కు ఎక్కడ నిలిచిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాసేపటికి, "ఇటివ్వు, నీకు నడుం నొప్పి" అంది. ఇచ్చాను. కొండ ఎక్కేటప్పుడు ఆయాసపడి మళ్ళీ నా వీపుకి కట్టింది.

డాక్టరు సూది వేశాడు. ఇంకో పూట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు, ఇప్పుడు కూడా మాట ఇవ్వలేనన్నాడు. రోజూ తీసుకురమ్మన్నాడు, వారం రోజులపాటు. ఈ టౌనులోనే సత్రం వరండాలో ఉన్నాం. పెత్రోనిలా వదిన గోడకి ఆనుకుని నిద్రపోతోంది, నాకు ఎడంగా. బిడ్డ నా ఒళ్ళో ఉంది. దీనికి ఇంకా పేరు పెట్టలేదు. జ్వరం కొంచెం దిగినట్టే ఉంది, చెయ్యి తియ్యకుండా చూస్తున్నాను.

పెద్దమ్మ